స్టెరాయిడ్‌ గోలీ, తైద అంబలి

దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడవలసినవారి పేగును, ఎముకను, రోగనిరోధక శక్తిని వరంగల్‌ వంటిల్లు ఎంతవరకు కాపాడగలదు? ఎక్కడ ఆగిపోతుంది?

కార్టికోస్టెరాయిడ్‌ మందుల గురించి తెలుగు సమాజంలో పరస్పర విరుద్ధమైన రెండు నమ్మకాలు పక్కపక్కనే కొనసాగుతున్నాయి. మోకాళ్ల నొప్పిని ఒక్క సూదితో తగ్గించే మందుగా వాటిని అడిగి మరీ వేయించుకునేవారు ఒకవైపు ఉండగా, పెద్ద దవాఖానలో నిపుణుడు రాసిన ప్రెడ్నిసొలోన్‌ గోలీలను ఒళ్లు గుల్ల చేసే విషమని భయపడి మధ్యలోనే మానేసేవారు మరోవైపు ఉన్నారు. వరంగల్‌ నుంచి కరీంనగర్‌ వెళ్లే రహదారిపై, ఒకవైపు చెరువు కింద వరిపొలాలతోను, మరోవైపు నగరపాలక సంస్థలో కలిసిన కొత్త కాలనీలతోను విస్తరిస్తున్న హసన్‌పర్తి వంటి ప్రాంతాలలో ఈ రెండు ధోరణులకు తోడు ఇటీవల మూడవది కూడా బలపడింది. స్టెరాయిడ్‌ వాడుతున్నంత కాలం ‘ఇమ్యూనిటీ’ పెంచే చూర్ణమో కషాయమో తీసుకుంటే మందు చేసే చెడు తగ్గిపోతుందన్న నమ్మకమే అది. ఈ మూడింటిలో పైకి నిరపాయకరంగా కనిపించేది ఈ మూడవదే గనుక దానిని జాగ్రత్తగా పరిశీలించవలసి ఉంది.

మూత్రపిండాల పైభాగాన టోపీల వలె అమరి ఉండే అధివృక్క గ్రంథులు కార్టిసోల్‌ అనే హార్మోనును ప్రతిరోజూ సుమారు 10 నుంచి 20 మిల్లీగ్రాముల మేర తయారుచేస్తాయి. తెల్లవారుజామున పెరిగి, రాత్రికి తగ్గిపోయే ఈ హార్మోను రక్తపోటును, రక్తంలో చక్కెరను, ఒత్తిడిని తట్టుకునే శక్తిని నియంత్రించడంతో పాటు, రోగనిరోధక వ్యవస్థ హద్దు మీరి సొంత శరీరం మీదనే దాడి చేయకుండా అదుపులో ఉంచుతుంది. ప్రెడ్నిసొలోన్‌, డెక్సామెథసోన్‌, మిథైల్‌ప్రెడ్నిసొలోన్‌ వంటి మందులు దీని నమూనాలో రూపొందించినవే. వీటిలో 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌ దాదాపు 20 మిల్లీగ్రాముల కార్టిసోల్‌కు సమానం కనుక, ఉబ్బసం ముదిరినప్పుడు రోజుకు 40 మిల్లీగ్రాములు వాడే రోగి శరీరంలోకి సహజ స్థాయికి సుమారు పది రెట్లు చేరుతున్నట్లు లెక్క. ప్రాణం నిలిపే గుణం, హాని చేసే గుణం రెండూ ఈ పది రెట్లలోనే ఉన్నాయి.

ఈ మందు చరిత్రలో తెలుగువారికి సంబంధించిన ఒక పార్శ్వం తగినంత ప్రచారం పొందలేదు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్‌ హెంచ్‌ బృందం కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక మహిళకు 1948 సెప్టెంబరు 21న తొలిసారి ఇదే కోవకు చెందిన కార్టిసోన్‌ సూది వేసింది. కొద్ది రోజులలోనే ఆమె లేచి నడవడం వైద్య ప్రపంచాన్ని విస్మయపరచింది. హెంచ్‌కు, ఈ హార్మోన్లపై పరిశోధించిన కెండాల్‌, రైఖ్‌స్టైన్‌లకు కలిపి 1950లో నోబెల్‌ బహుమతి లభించింది. ఆ సూదికి కొన్ని వారాల ముందే, 1948 ఆగస్టులో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆయన లెడర్లే ప్రయోగశాలలో నడిపిన పరిశోధన నుంచి వెలువడిన ఫోలిక్‌ ఆమ్లం, మెథోట్రెక్సేట్‌ రెండూ నేడు కీళ్లవాతం చికిత్సలో స్టెరాయిడ్‌ మోతాదును తగ్గించడానికి తోడ్పడుతున్నాయి. మెథోట్రెక్సేట్‌ వ్యాధిని అదుపు చేస్తే స్టెరాయిడ్‌ అవసరం తగ్గుతుంది. మెథోట్రెక్సేట్‌ వల్ల వచ్చే నోటిపూత, కడుపులో తిప్పడం వంటి ఇబ్బందులను ఫోలిక్‌ ఆమ్లం తగ్గిస్తుంది. స్టెరాయిడ్‌ దుష్ప్రభావాలకు అన్నింటికన్నా మంచి విరుగుడు ఆ స్టెరాయిడ్‌ను వైద్యుని పర్యవేక్షణలో వీలైనంత తక్కువ మోతాదుకు తీసుకురావడమేనన్న సూత్రం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఆహారం గురించి చెప్పుకోవలసినవన్నీ ఆ తరువాతి వరుసలోనే వస్తాయి.

పేగులో జరిగేది

శరీరంలోని రోగనిరోధక కణాలు పెద్ద సంఖ్యలో పేగు గోడలను అంటిపెట్టుకొని ఉంటాయి. ఆ గోడకు లోపలివైపు, ముఖ్యంగా పెద్దపేగులో, లక్షల కోట్ల సంఖ్యలో సూక్ష్మజీవులు నివసిస్తాయి. మనిషి జీర్ణించుకోలేని పీచుపదార్థాన్ని అవి పులియబెట్టి బ్యూటిరేట్‌ వంటి చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తే, పెద్దపేగు లోపలి పొరలోని కణాలు వాటినే ఇంధనంగా వాడుకొని, పొరను దృఢంగా ఉంచుకుంటాయి. ఈ సూక్ష్మజీవులు మందులను సైతం మారుస్తాయి. క్లాస్ట్రిడియం సిండెన్స్‌ అనే పేగు బ్యాక్టీరియా ప్రెడ్నిసోన్‌ అణువును విడగొట్టగలదని ప్రయోగశాలలో తేలింది. అయితే ఫలానా ఆహారం తింటే స్టెరాయిడ్‌ బాగా పనిచేస్తుందని ఈ ఆధారంతో చెప్పడం తొందరపాటు.

స్టెరాయిడ్‌ పేగు మీద చూపే ప్రభావాలలో నిస్సందేహంగా రుజువైనది కాల్షియం గ్రహణం తగ్గడం. పేగు తక్కువ పీల్చుకోవడం, మూత్రంలో ఎక్కువ పోవడం, కొత్త ఎముకను కట్టే కణాలు నెమ్మదించడం అనే మూడు కారణాలు కలిసి ఎముకలను గుల్లబారుస్తాయి. ఈ నష్టం మందు మొదలుపెట్టిన తొలి మూడు నుంచి ఆరు నెలలలోనే అతి వేగంగా జరుగుతుంది. ఇక కడుపులో పుండు విషయానికి వస్తే, ఒంటరిగా వాడిన స్టెరాయిడ్‌ కంటే, దానితో కలిపి వాడే డైక్లోఫెనాక్‌, ఐబుప్రొఫెన్‌ వంటి నొప్పి గోలీల వల్లనే అసలు ముప్పు ఉంది. రెండూ కలిసినప్పుడు పుండు పడి రక్తస్రావమయ్యే ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుంది. మందుల దుకాణంలో చీటీ లేకుండా కొనే రంగురంగుల గోలీల పొట్లంలో ఈ రెండూ ఒకచోటే ఉండే అవకాశం ఉన్నందున, ఏ గోలీ ఏమిటో పేరుతో సహా తెలియని పొట్లాన్ని ఎవరు ఇచ్చినా నిరాకరించడం కడుపును కాపాడుకునే తొలి చర్య. మిరపకాయను నిందించడం మాత్రం అన్యాయం. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉన్న వరంగల్‌ చపాటా మిర్చి గాని, మామూలు కారం గాని పుండును పుట్టించవు. పుండుకు ప్రధాన కారకం హెలికోబాక్టర్‌ పైలోరి అనే బ్యాక్టీరియా అని నిరూపించిన మార్షల్‌, వారెన్‌లకు 2005లో నోబెల్‌ ఇచ్చారు. ఉన్న పుండును మంట పెట్టేంత కారం తగ్గించుకుంటే సరిపోతుంది.

పేగు వ్యాధికే స్టెరాయిడ్‌ వాడవలసిన రోగుల సంగతి వేరు. పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడి, రక్తంతో కూడిన విరేచనాలయ్యే అల్సరేటివ్‌ కొలైటిస్‌ను ఒకప్పుడు పట్టణాల జబ్బుగా భావించేవారు. హైదరాబాదులోని ఏషియన్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు ఎండోస్కోపీ పరికరాలున్న వాహనంతో తెలంగాణ పల్లెలకు వెళ్లి చేసిన పరీక్షల ఫలితాలు 2023లో ప్రచురితం కాగా, పేగు లక్షణాలతో వచ్చిన పల్లెవాసులలో ఈ తరహా వ్యాధులు పట్టణవాసులతో దాదాపు సమానంగా ఉన్నాయని తేలింది. ఈ రోగులకు వ్యాధి విజృంభించిన రోజులలో అధిక పీచు మేలు చేయకపోవచ్చు. అందరికీ చెప్పే ఆహార సలహాను వీరికి యథాతథంగా వర్తింపజేయరాదు.

గటక, చల్ల, తైదలు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం వయోజనులకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. స్టెరాయిడ్‌ వాడేవారికి అంతర్జాతీయ కీళ్లవైద్య మార్గదర్శకాలు సూచించేది 1,000 నుంచి 1,200 మిల్లీగ్రాములు, దానితో పాటు 600 నుంచి 800 యూనిట్ల డి విటమిన్‌. ఈ లక్ష్యాన్ని చేరడానికి ఓరుగల్లు వంటింట్లో ఉన్న వనరులు తక్కువేమీ కావు. ఇక్కడ తైదలని పిలిచే రాగులలో 100 గ్రాములకు సుమారు 360 మిల్లీగ్రాములు, పాలలో సుమారు 120, మునగాకులోను తోటకూరలోను 300కు పైగా, బతుకమ్మ పండుగకు ముద్దలు కట్టే నువ్వులలో వెయ్యికి పైగా మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంకెలలో నువ్వులదే పైచేయి అయినా ఎవరూ పూటకు 100 గ్రాముల నువ్వులు తినరు. ఆకుకూరలలోని ఆక్సలేట్లు, గింజలలోని ఫైటేట్లు కొంత కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి కూడా. అందువల్ల ఉదయం తైద అంబలి, మధ్యాహ్నం గిన్నెడు పెరుగు, రాత్రి గ్లాసు పాలు, కూరలో మునగాకు, చట్నీలో నువ్వులు అనే విధంగా రోజంతా పంచుకోవడమే ఆచరణయోగ్యమైన మార్గం. జొన్న గటక, మక్క గటక పీచు కోసం ఎంతో మంచివే గాని వాటిలో కాల్షియం స్వల్పం. తైదల పని జొన్న చేయదు. ఆహారంతో లోటు తీరనప్పుడు కాల్షియం, డి విటమిన్‌ గోలీలు వాడటంలో అసహజమేమీ లేదు, మోతాదును వైద్యుడు నిర్ణయించాలి.

స్టెరాయిడ్‌ వల్ల చక్కెర పెరిగే తీరు సాధారణ మధుమేహానికి భిన్నం. ఉదయం వేసుకున్న ప్రెడ్నిసొలోన్‌ ప్రభావం మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో గరిష్ఠమవుతుంది. పరగడుపు పరీక్షలో చక్కెర మామూలుగానే ఉండి, మధ్యాహ్న భోజనం తరువాత బాగా పెరగవచ్చు. పరగడుపు ఫలితం ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండేవారికి ఈ తేడా తెలియడం అత్యవసరం. పళ్లెం నిండా అన్నం పెట్టుకునే పూట సరిగ్గా అదే కావడం మరో చిక్కు. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి, పప్పు, కూర, ఆకుకూర పెంచడం, ఒక పూట జొన్నరొట్టెకు మారడం, రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన, చక్కెరను మెల్లగా పెంచే గుణం ఉన్నదని పేరుపొందిన తెలంగాణ సోనా బియ్యాన్ని ఎంచుకోవడం వంటివి ఉపకరిస్తాయి. కండరాలు కరగకుండా పప్పు, గుడ్డు, చేప వంటి మాంసకృత్తులు కూడా కావాలి. స్టెరాయిడ్‌ ఉప్పునూ నీటినీ శరీరంలో నిలిపి పొటాషియాన్ని బయటికి పంపుతుంది కనుక, రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అన్న పరిమితిని పాటించాలంటే ఆవకాయ, అప్పడం, మిక్చర్‌ మీద అదుపు తప్పదు. అరటిపండు, కొబ్బరినీళ్లు పొటాషియం ఇస్తాయి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ఇవే హాని చేయగలవు.

పులిసిన ఆహారం గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, పది వారాలపాటు పెరుగు వంటి పులిసిన పదార్థాలు ఎక్కువగా తిన్న ఆరోగ్యవంతుల పేగులో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగి, రక్తంలో వాపును సూచించే ప్రొటీన్లు తగ్గాయి. అందులో పాల్గొన్నవారు స్టెరాయిడ్‌ రోగులు కారన్నది మరువరాదు. అయినప్పటికీ కాచి చల్లార్చిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన పెరుగు, దానిని చిలికిన చల్ల సురక్షితమైన ఆహారమే. పాలు మరిగినప్పుడే హానికర క్రిములు నశిస్తాయి. దుకాణంలో అమ్మే ప్రోబయోటిక్‌ గుళికలను, అంటే ఎండబెట్టిన సజీవ సూక్ష్మజీవుల పొడిని, అదే కోవలో చేర్చలేము. రోగనిరోధక శక్తి బాగా క్షీణించినవారిలో ఈ సూక్ష్మజీవులే రక్తంలో చేరి జబ్బు చేసిన సందర్భాలు అరుదుగానైనా వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి గనుక, అధిక మోతాదు స్టెరాయిడ్‌ వాడేవారు వాటిని అడగకుండా కొనకూడదు. చద్దన్నం విషయంలోనూ విచక్షణ అవసరం. ఎండాకాలంలో వరంగల్‌ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజుల్లో రాత్రంతా బయట ఉంచిన అన్నంలో మేలు చేసే బ్యాక్టీరియాతో పాటు విషాన్ని పుట్టించే బాసిల్లస్‌ కూడా పెరగగలదు. మామూలు మనిషి తట్టుకునేది స్టెరాయిడ్‌ వాడేవారు తట్టుకోలేకపోవచ్చు. కల్లు చెట్టు నుంచి దిగినదే కనుక కడుపుకు చలువ అనే వాదనను పూర్తిగా పక్కన పెట్టాలి. మద్యం పుండుకు, ఎముకకు రెండింటికీ చేటు. పైగా మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు తెలంగాణకు కొత్త కాదు.

మట్టిలో పొంచి ఉన్న పురుగు

పేగు ఆరోగ్యం గురించిన ప్రచారంలో ఎక్కడా వినిపించకపోయినా, చెరువు కింద సేద్యం చేసే ఊళ్లకు అన్నింటికంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. మలంతో కలుషితమైన తేమ నేలలో బతికే స్ట్రాంగిలాయిడిస్‌ అనే సన్నని పురుగు పిల్లలు, చెప్పులు లేకుండా నడిచేవారి పాదాల చర్మాన్ని తొలుచుకొని లోపలికి చేరి, ఊపిరితిత్తుల మీదుగా చిన్నపేగులో స్థిరపడతాయి. మిగతా నులిపురుగులకు లేని ఒక శక్తి దీనికి ఉంది: బయటికి పోకుండానే మనిషి శరీరంలోనే మళ్లీ మళ్లీ సంతతిని పెంచుకోగలదు. అందువల్ల ఎప్పుడో పొలం పనిలో సోకిన పురుగు, ఏ లక్షణమూ చూపకుండా దశాబ్దాల పాటు ఉండిపోగలదు. స్టెరాయిడ్‌ రోగనిరోధక శక్తిని అణచినప్పుడు ఆ కట్టు తెగి, పురుగులు లెక్కకు మించి పెరిగి, పేగులోని బ్యాక్టీరియాను వెంటబెట్టుకొని రక్తంలోకి, ఊపిరితిత్తులలోకి, మెదడులోకి పాకుతాయి. ఆ దశలో మరణాలు ఎక్కువ. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జాతీయ నులిపురుగుల నివారణ దినాలలో ఇచ్చే ఆల్బెండజోల్‌ 19 ఏళ్ల లోపు వారికే పరిమితం. అంతేకాక ఈ పురుగు మీద ఆల్బెండజోల్‌ కంటే ఐవర్‌మెక్టిన్‌ మెరుగ్గా పనిచేస్తుంది. దీర్ఘకాలం స్టెరాయిడ్‌ మొదలుపెట్టే ముందు తాను వరిపొలంలో పనిచేసిన సంగతిని రోగి వైద్యునికి చెప్పి, మల పరీక్ష గాని రక్త పరీక్ష గాని అవసరమా అని అడగడం ఏ కషాయం కంటే ఎక్కువ మేలు చేస్తుంది. కనబడని క్షయ, హెపటైటిస్‌ బి కూడా ఇదే రీతిలో తిరగబెట్టగలవు కాబట్టి ఆ పరీక్షలనూ ముందే చేయించుకోవాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోవచ్చు. తట్టు వంటి వ్యాధులకు ఇచ్చే సజీవ టీకాలను అధిక మోతాదు వాడుతున్నప్పుడు వేయించుకోరాదు.

‘ఇమ్యూనిటీ’ పొట్లాలు

కీళ్లవాతం, లూపస్‌ వంటి వ్యాధులలో రోగి రోగనిరోధక శక్తి తక్కువై బాధపడటం లేదు. అది దారి తప్పి సొంత కణజాలం మీద పడుతోంది. దానిని శాంతపరచడానికి ఒక చేత్తో స్టెరాయిడ్‌ మింగుతూ, మరో చేత్తో దానినే రెచ్చగొట్టే చూర్ణం తీసుకోవడంలోని వైరుధ్యాన్ని గుర్తించాలి. కోవిడ్‌ కాలంలో ఇంటింటా వాడిన తిప్పతీగను తీసుకున్న కొందరిలో కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. ఆ కాలేయ హాని స్వరూపం స్వయం రోగనిరోధక వ్యాధిని పోలి ఉంది. ఆయుష్‌ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో విభేదించినప్పటికీ, అటువంటి వ్యాధి ముందే ఉన్నవారు తిప్పతీగకు దూరంగా ఉండటమే క్షేమకరం. దగ్గుకు చప్పరించే అతిమధురం వేరు విషయంలో వివాదం లేదు. అందులోని గ్లిసిరైజిన్‌, కార్టిసోల్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును అడ్డుకొని, స్టెరాయిడ్‌ ప్రభావాన్ని పొడిగించి, పొటాషియాన్ని తగ్గించి, రక్తపోటును పెంచుతుంది. కూరలో వేసే పసుపు, అల్లం, వెల్లుల్లి భోజనంలో భాగాలే గనుక వాటితో పేచీ లేదు. వాటి సారాన్ని గాఢంగా కూర్చిన గుళికలు మందుల కోవలోకి వస్తాయి. పేరు, తయారీదారు, దినుసుల వివరం లేని ‘వాతం పొడి’ తిన్న రెండో రోజే నొప్పులు మాయమైతే సంతోషించడానికి బదులు అనుమానించాలి. ఇటువంటి పొడులలో రహస్యంగా స్టెరాయిడ్‌ కలిపిన ఉదంతాలు దేశవిదేశాల్లో బయటపడ్డాయి.

స్టెరాయిడ్‌ను ఎప్పుడు వాడాలన్న విచక్షణ కొరవడితే ఏమవుతుందో 2021 వేసవి చూపింది. కోవిడ్‌లో ఆక్సిజన్‌ అవసరమైన రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్‌ పది రోజుల వరకు ఇస్తే మరణాలు తగ్గుతాయని, ఆక్సిజన్‌ అవసరం లేనివారికి ప్రయోజనం లేదని బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్ష 2020 జూన్‌లోనే తేల్చింది. మొదటి సగం మాత్రమే జనంలోకి వెళ్లింది. అవసరం లేనివారు, మధుమేహం ఉన్నవారు సైతం ఎడాపెడా వాడిన ఫలితంగా బ్లాక్‌ ఫంగస్‌ విజృంభించగా, తెలంగాణ ప్రభుత్వం 2021 మేలో దానిని తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించి, కోఠిలోని చెవి ముక్కు గొంతు దవాఖానను చికిత్సకు కేంద్రంగా నిర్ణయించింది.

భయంతో ఒక్కసారిగా మానేయడం ఇంతకు తక్కువ ప్రమాదమేమీ కాదు. మూడు వారాలకు మించి బయటి నుంచి స్టెరాయిడ్‌ అందినప్పుడు, అధివృక్క గ్రంథులు తమ ఉత్పత్తిని ఆపుకొని నిద్రాణస్థితికి చేరవచ్చు. మందు హఠాత్తుగా ఆగితే వాంతులు, నీరసం, రక్తపోటు పడిపోవడం, స్పృహ తప్పడం వరకు దారితీయవచ్చు. విరేచనాలు, వాంతులు పట్టుకొని గోలీ కడుపులో నిలవని రోజున కూడా ఇదే ప్రమాదం ఉన్నందున, ఆ స్థితిలో ఉప్పు చక్కెర నీళ్లతో ఇంట్లోనే సరిపెట్టుకోకుండా వెంటనే దవాఖానకు చేరాలి. ఉదయం తిన్న తరువాత గోలీ వేసుకోవడం శరీరపు సహజ లయకు దగ్గరగా ఉండి, నిద్రను చెడగొట్టదు. ఉబ్బసానికి పీల్చే స్టెరాయిడ్‌ వాడేవారు ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మితే నోటిలో తెల్లపూత వచ్చే అవకాశం తగ్గుతుంది.

వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రిలో గాని, ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని, వీధిలోని ఆర్‌ఎంపీ దగ్గర గాని చూపించుకునేటప్పుడు స్టెరాయిడ్‌ వాడుతున్న ప్రతి ఒక్కరూ మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, వాటితో పాటు తీసుకుంటున్న ప్రతి చూర్ణం, కషాయం పేరు రాసిన చీటీని ముందుగా చూపించాలి. ఆ చీటీ రోగి స్పృహలో లేనప్పుడు కూడా అక్కరకు వస్తుంది కనుక, అది ఎక్కడ ఉందో ఇంట్లో మరొకరికి తెలిసి ఉండాలి.